ఒంటరి నక్షత్రం ఆరిపోలేదు

నిరీక్షణ అనే మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తుంటాం. కష్టం వారం రోజులో, నెల రోజులో ఉండి పోయేదైతే నిరీక్షణ నిలుపుకోవడం పెద్ద విషయమేమీ కాదు. ఏళ్లు గడుస్తున్నా పరిస్థితి మారకపోతే? ప్రార్థించి ప్రార్థించి నోరు ఎండిపోయినా జవాబు రాకపోతే? పక్కనున్న మంచివాళ్లే ఇక చాలు, వదిలెయ్యమని సలహా ఇస్తే? మన నిరీక్షణ నిజమైనదో, కేవలం ఉత్సాహమో అప్పుడు తేలుతుంది.

నెల్లూరు తీరంలో బతికేవాళ్లకు ఇది పుస్తకంలో చదివి నేర్చుకునే పాఠం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వలలూ పడవలూ పోగొట్టుకున్న కుటుంబాలు ఈ తీరంలో ఉన్నాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి ఇళ్లలోకి వస్తే గుడ్డలు మూటగట్టుకుని మిద్దెలెక్కినవాళ్లున్నారు. అప్పు తెచ్చి రొయ్యల గుంట వేస్తే, చేతికొచ్చే సమయానికి వైరస్ సోకి ఒక్క వారంలో అంతా తుడిచిపెట్టుకుపోయిన రైతులున్నారు. ఇలాంటి వారికి ధైర్యంగా ఉండండని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. నిరీక్షణ అంటే ఏమిటో బతికి చూపించినవారి కథ చెప్పాలి. అలాంటి కథ ఒకటి ఈ నేలమీదే జరిగింది. ఆ కథలోని వ్యక్తి లైమన్ జ్యూయెట్. మన తాతముత్తాతలు జ్యూయెట్ దొరగారని పిలుచుకున్న మిషనరీ.

ఎనిమిది మంది సంఘం

జ్యూయెట్ రాకముందు నెల్లూరులో ఏం జరిగిందో కొంచెం తెలుసుకోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి కోసం పంపిన తొలి మిషనరీ శామ్యూల్ డే. 1835లో బోస్టన్‌లో ఓడెక్కి, మరుసటి ఏడాది మన దేశంలో దిగారాయన. కొంతకాలం విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లోనూ, ఆ తర్వాత మద్రాసులోనూ పనిచేశారు. తెలుగువారి మధ్యనే ఉండాలన్న ఆశతో 1840లో నెల్లూరు చేరుకున్నారు. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే రంగయ్య అనే తెలుగు సోదరుడు పెన్నా నదిలో బాప్తిస్మం పొందాడు. ఈ మిషన్‌కు తొలి తెలుగు విశ్వాసి ఆయనే. చూడ్డానికి వేలాదిమంది గట్టున చేరారంటారు. ఆ సంగతి విన్నవాళ్లెవరైనా ఇక కోతకాలం వచ్చేసిందనే అనుకుంటారు.

కానీ అలా జరగలేదు. 1844లో నెల్లూరులో సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. డే గారికి తోడుగా వచ్చిన వాన్ హ్యూసన్ ఆరోగ్యం చెడిపోయి స్వదేశానికి వెళ్లిపోయారు. కొద్దికాలానికే డే గారు కూడా జబ్బుపడి అమెరికా వెళ్లక తప్పలేదు. చివరికి నెల్లూరులో మిషనరీ అన్నవాడే లేకుండా పోయాడు. అక్కడ అమెరికాలో మిషన్ పెద్దలు కూర్చుని, తెలుగు మిషన్‌ను కొనసాగించాలా, మూసెయ్యాలా అని మొదటిసారి ఆలోచించారు. డే గారు మంచం మీది మనిషిలా ఉండి కూడా తెలుగువారి కోసం బతిమాలారు. చివరికి ఇంకొకరిని తోడిచ్చి ఆయన్ను తిరిగి పంపడానికి ఒప్పుకున్నారు. ఆ ఇంకొకరే లైమన్ జ్యూయెట్.

తెలుగు నేర్చిన దొర

జ్యూయెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వాటర్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు. న్యూటన్ వేదాంత కళాశాలలో దైవశాస్త్రం చదివారు. 1848 అక్టోబరులో భార్య యుఫీమియాతోనూ డే గారితోనూ కలిసి బోస్టన్‌లో ఓడెక్కారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. 1849 ఏప్రిల్‌లో నెల్లూరులో అడుగుపెట్టారు. ఆ ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి, అదే సంవత్సరం డిసెంబరులో, ఆయన తెలుగులో తొలి ప్రసంగం చేశారు. ఇదేమంత గొప్ప అనుకోకండి. ఆ రోజుల్లో ఇంగ్లీషువాడికి తెలుగు నేర్పే మంచి పుస్తకాలు చాలా తక్కువ. మున్షీ దగ్గర కూర్చోవాలి, వీధిలో జనంతో మాట్లాడాలి, తప్పులు పలికి నవ్వులపాలవ్వాలి. ఆయన అవన్నీ చేశారు. తెలుగు ఆయనకు ఎంతగా పట్టుబడిందంటే, తర్వాతి కాలంలో తెలుగు బైబిలు అనువాదాన్ని సవరించే పనిలో ఆయన చెయ్యి పడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మిషన్ ఉంటుందో మూతపడుతుందో తెలియని స్థితిలో వచ్చిన మనిషి ఆయన. అలాంటివాడు సాధారణంగా ఏం చేస్తాడు? పెట్టె సగం సర్దుకునే ఉంచుతాడు. ఎన్నాళ్లుంటామో తెలియని చోట ఈ కష్టమైన భాష నేర్చుకుని ఏం లాభమని లెక్కలేసుకుంటాడు. జ్యూయెట్ మాత్రం ఆ ప్రజలతోనే జీవితం గడపబోతున్నవాడిలా భాష నేర్చుకున్నారు. నిరీక్షణకు మొదటి గుర్తు ఇదే. అది గాలిలో మేడలు కట్టదు. ఈ రోజు చెయ్యాల్సిన పనిని, రేపు ఉందన్నట్టుగా చేస్తుంది.

పటంలో ఒకే ఒక్క చుక్క

1853 వచ్చింది. అమెరికా నుండి మిషన్ ప్రతినిధులు నెల్లూరు వచ్చి పని ఎలా జరుగుతోందో చూసి వెళ్లారు. వాళ్ల కళ్లకు కనబడినదేమిటి? పదమూడేళ్ల శ్రమ, చాలా ఖర్చు, చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత మంది విశ్వాసులు. అదే సంవత్సరం డే గారి ఆరోగ్యం మళ్లీ పాడైంది. ఆయన ఈసారి తిరిగి రాలేనంతగా చితికిపోయి స్వదేశానికి వెళ్లారు. నెల్లూరులో మిగిలింది జ్యూయెట్ దంపతులు, ఒక చిన్న సంఘం.

ఆ సంవత్సరమే న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో మిషన్ వార్షిక సభలు జరిగాయి. తెలుగు మిషన్ విషయం చర్చకు వచ్చింది. అప్పటికి బర్మాలో అదే మిషన్ పని ఎంతో ఫలించింది. అక్కడ కరెన్ ప్రజలు వేల సంఖ్యలో ప్రభువును నమ్ముకున్నారు. ఉన్న కొద్దిమంది సేవకులనూ ఉన్న కొద్ది డబ్బునూ ఫలం ఉన్నచోట పెట్టాలా, బండనేలలో పొయ్యాలా? ఇది దుర్మార్గుల ప్రశ్న కాదు. మంచివాళ్లు, ప్రార్థనాపరులు, లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు వేసుకున్న ప్రశ్న. కష్టాల్లో మన నిరీక్షణను ఎక్కువగా కదిలించేది శత్రువులు కాదు. మన మేలు కోరేవాళ్లే మనల్ని కదిలిస్తారు. వాళ్లు చెప్పేది సబబుగానే ఉంటుంది మరి!

సభలో మిషన్ కేంద్రాలను గుర్తించిన పటం ఒకటి ఉంది. బర్మా వైపు చుక్కలు గుంపులుగా ఉన్నాయి. ఈ పక్కన తెలుగు దేశంలో మాత్రం ఒకే ఒక్క చుక్క. నెల్లూరు! దాన్ని చూపించి ఎవరో ఒంటరి నక్షత్రమని పేరు పెట్టారు. మూసెయ్యమని నెల్లూరుకు ఉత్తరం రాయాల్సి వస్తే ఆ చెయ్యి ఎవరిదన్న ప్రశ్న లేచింది. ఎవరికీ మనసొప్పలేదు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే బోధకుడు ఆ ఒంటరి నక్షత్రం మీద ఒక పద్యం రాశారు. అమెరికా వారి దేశభక్తి గీతం రాసిన కవి ఆయనే. మరునాడు ఆ పద్యం చదివి వినిపించినప్పుడు విన్నవారు కన్నీళ్లు పెట్టుకున్నారు. తెలుగు మిషన్‌ను కొనసాగించాలని సభ నిర్ణయించింది.

కానీ పద్యం విని కన్నీళ్లు పెట్టుకోవడం వేరు, నెల్లూరు ఎండలో నిలబడటం వేరు. సభ ఇచ్చింది కొంత గడువు మాత్రమే. ఆ గడువును ఇక్కడ మోయాల్సింది జ్యూయెట్ దంపతులు, వారితో ఉన్న పిడికెడు మంది తెలుగు విశ్వాసులు.

కొండమీద అయిదుగురు

ఆ సంవత్సరం చివర్లో జ్యూయెట్ సువార్త ప్రయాణం మీద ఉత్తరంగా ఒంగోలు వెళ్లారు. నెల్లూరుకూ ఒంగోలుకూ సుమారు 120 కిలోమీటర్లు. ఇప్పుడు రైల్లో రెండు గంటల్లోపు దూరం. అప్పట్లో ఎడ్లబండి మీద మజిలీలు చేసుకుంటూ రోజుల తరబడి వెళ్లాలి. ఒంగోలు వీధుల్లో వాక్యం చెబితే ఎగతాళీ దూషణా ఎదురయ్యాయి. నమ్మినవాడు ఒక్కడూ లేడు.

1854 జనవరి 1 తెల్లవారుజామున, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే, అయిదుగురు మనుషులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. జ్యూయెట్ దంపతులు, ఒక తెలుగు సువార్తికుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అక్కడ పాట పాడుకున్నారు, వాక్యం చదువుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థించారు. ఒంగోలు ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. తూర్పున సూర్యుడు పైకొచ్చాడు. కింద మైదానంలో నాగజెముడు పొదలతో నిండిన మెరక నేల ఒకటి జ్యూయెట్ కంటబడింది. ఆయన జూలియాకు ఆ చోటు చూపించి, మిషనరీ ఇల్లు అక్కడ ఉంటే బాగుంటుంది కదూ అని అడిగారు. అలాంటి రోజు వస్తుందని కూడా అన్నారు.

ఆ రోజు ఆ అయిదుగురిని కింద నుంచి ఎవరైనా చూసి ఉంటే ఏమనుకుని ఉంటారు? నిన్న వీధిలో తిట్లు తిన్నవాళ్లు ఇవాళ కొండెక్కి ముళ్ల పొదల్లో ఇల్లు కట్టుకునే మాటలు మాట్లాడుకుంటున్నారని నవ్వి ఉంటారు. ఆ నవ్వులో అబద్ధమేమీ లేదు. కనబడుతున్నవి ముళ్ల పొదలే కదా! నిరీక్షణ ముళ్ల పొదల్ని పూలతోట అనదు. వాటిని ముళ్ల పొదలుగానే చూసి, వాటి యజమాని ఎవరో గుర్తు చేసుకుంటుంది. అబ్రాహాము గురించి రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు చెప్పేది సరిగ్గా ఇదే. తన శరీరం మృతతుల్యమైందనీ, శారా గర్భం కూడా అంతేననీ అబ్రాహాముకు బాగా తెలుసు. తెలిసే నమ్మాడు. లెక్కలు దాచిపెట్టుకున్నవాడి నమ్మకం కాదది. లెక్కలన్నీ చూసుకుని దేవుని వైపు తిరిగినవాడి నమ్మకం.

మరొకటి కూడా గమనించాలి. కొండ మీద జ్యూయెట్ ఒంటరిగా లేరు. తెలుగువాళ్లు ముగ్గురున్నారు. వారి పేర్లు మన ప్రసంగాల్లో అరుదుగా వినబడతాయి. దొరగారి విశ్వాసం గురించి చెప్పుకుంటాం, పక్కన మోకరించిన జూలియా విశ్వాసం గురించి చెప్పుకోం. తన వాళ్ల మధ్య, తన ఊళ్లో, పిడికెడు మందిలో ఒకరిగా నిలబడటానికి కావలసిన ధైర్యం తక్కువదా? నిరీక్షణ ఒక్కడు మోసే బరువు కాదు. ఒకరి గొంతు బొంగురుపోయినప్పుడు పక్కవారు పాట అందుకోవాలి. అందుకే కష్టంలో ఉన్నవాడు సంఘానికి దూరం కాకూడదు. కష్టంలో ఉన్నవాణ్ణి సంఘమూ దూరం చేసుకోకూడదు.

అనాతోతు పొలం, ఒంగోలు ఇల్లు

కొండమీద ప్రార్థన అయింది. మరునాడే జవాబు రాలేదు. ఏడాదిలో రాలేదు, అయిదేళ్లలోనూ రాలేదు. 1857లో సిపాయిల తిరుగుబాటు కల్లోలం వచ్చింది. అన్నిచోట్లా భయం, పుకార్లు. నెల్లూరులో పని నత్తనడక నడుస్తూనే ఉంది.

1861లో జ్యూయెట్ ఒక పని చేశారు. ఒంగోలులో ఇల్లూ దాని చుట్టూ ఉన్న స్థలమూ అమ్మకానికి వచ్చాయని తెలిసి, దాన్ని మిషన్ కోసం కొనే ఏర్పాటు చేశారు. అందులో ఉండటానికి మిషనరీ ఎవరూ లేరు. వస్తారన్న కబురూ లేదు. అసలు నెల్లూరు పనే ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా ఒంగోలులో ఇల్లు కొన్నారు!

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తెలిసినవారికి ఈ పని వింతగా తోచదు. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి దిబ్బలు వేసి ఉంది. యిర్మీయా చెరసాల ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. పట్టణం పడిపోతుందని చెప్పింది కూడా ఆయనే. సరిగ్గా ఆ సమయంలో దేవుడు ఆయనతో అనాతోతులో పొలం కొనమన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, క్రయపత్రం రాయించి, దాన్ని మట్టికుండలో దాచిపెట్టించాడు ప్రవక్త. శత్రువు చేతిలోకి పోబోతున్న నేలకు రొక్కం ఎవరైనా ఇస్తారా? ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొనుక్కుంటారని దేవుడు చెప్పిన మాట మీద ఆయన డబ్బు పెట్టాడు. ఆ మాట నెరవేరడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. యిర్మీయా ఆ పొలంలో గింజ పండించి తిన్నట్టు మనం ఎక్కడా చదవం. అయినా ఆ కుండలోని పత్రం అబద్ధం కాలేదు.

ప్రతి అప్పునూ ప్రతి కొనుగోలునూ విశ్వాసం పేరుతో సమర్థించుకోమని దీని అర్థం కాదు. యిర్మీయాకు దేవుని మాట ఉంది, జ్యూయెట్‌కు ఏళ్ల తరబడి ప్రార్థనలో మోసిన భారం ఉంది. మన దురాశకు విశ్వాసమని పేరు పెట్టుకుని తర్వాత దేవుణ్ణి నిందించడం నిరీక్షణ కాదు. కానీ నిజమైన నిరీక్షణ ఎప్పుడూ మాటల దగ్గరే ఆగిపోదు. దానికో ఖర్చు ఉంటుంది. పిల్లవాడి చదువుకు ఫీజు కట్టడం, జబ్బులో మందు మానకుండా వేసుకోవడం, పోయిన వల స్థానంలో కొత్త వల అల్లడం మొదలుపెట్టడం. ఇవన్నీ మన కాలపు అనాతోతు క్రయపత్రాలే.

పాతిపెట్టడానికి ఒక మనిషి

1862లో ఆరోగ్యం దెబ్బతిన్న జ్యూయెట్ అమెరికా చేరుకునేసరికి మూడోసారి అదే ప్రశ్న ఆయన కోసం కాచుకుని ఉంది. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. విరాళాలు తగ్గిపోయాయి. ప్రావిడెన్స్‌లో జరిగిన సభల్లో తెలుగు మిషన్‌ను వదిలెయ్యాలన్న ఆలోచన బలంగా ముందుకొచ్చింది. జ్యూయెట్ వచ్చేదాకా ఆగుదామని కార్యదర్శి వారెన్ పట్టుబట్టి ఆపారు.

జ్యూయెట్ వచ్చారు. లెక్కలు పెంచి చెప్పలేదు. తెలుగు మిషన్‌ను వదిలెయ్యడానికి తాను ఎన్నటికీ ఒప్పుకోనన్నారు. మిషన్ సహాయం చెయ్యకపోతే తానొక్కడే వెళ్లి, తెలుగువారి మధ్యే బతికి, వారి మధ్యే చనిపోతానన్నారు. ఆ పట్టుదల చూసిన వారెన్, అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఇంకొకరిని పంపాలి కదా, క్రైస్తవుడివి కాబట్టి సరైన సమాధి జరగాలి కదా అన్న అర్థం వచ్చేలా జవాబు చెప్పారట. సరదాగా అన్న ఆ మాటే కార్యరూపం దాల్చింది. జ్యూయెట్‌ను పాతిపెట్టడానికి పంపిన ఆ మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. సర్వేయరుగా పనిచేసిన ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు. 1864 నవంబరు చివర్లో జ్యూయెట్, క్లౌ దంపతులు బోస్టన్‌లో ఓడెక్కారు. 1865 ఏప్రిల్‌లో నెల్లూరు చేరారు.

1866లో క్లౌ ఒంగోలు వెళ్లి స్థిరపడ్డారు. ఎక్కడ ఉండాలన్న బెంగ ఆయనకు లేదు. ఇల్లు అయిదేళ్ల ముందే సిద్ధమై ఉంది! పన్నెండేళ్ల కిందట కొండమీద అయిదుగురు అడిగిన మిషనరీ వచ్చాడు.

ఊహించని వైపు నుంచి

కోత మాత్రం ఎవరూ చూడని వైపు నుంచి మొదలైంది. పెద్ద కులాలవారు, చదువుకున్నవారు నమ్మితే మిగతావారు వెంట వస్తారని మిషనరీల్లో చాలామంది అనుకునేవారు. దేవుడు మాదిగపల్లెల తలుపు తీశాడు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొంది, తన వాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. ఆ నెలలోనే తాళ్లకొండపాడు దగ్గర ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లల్ని బడికి పంపమని అగ్రవర్ణాలవారు అడ్డం తిరిగారు. క్లౌ దంపతులు సతమతమయ్యారు. అప్పుడు ఇద్దరికీ వేర్వేరుగా కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కంటబడింది. లోకం తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగమది. వాళ్లు పల్లెవైపే నిలబడ్డారు. శతాబ్దాలుగా ఊరిబయట నిలబెట్టబడిన ప్రజలకు తాము దేవుని పోలికలో పుట్టినవాళ్లమని తెలిసింది. సువార్తతో పాటు బడీ పలకా కూడా వచ్చాయి. నెల్లూరు తీరంలోని రామాయపట్నంలో 1870లో మిషన్ కేంద్రం, 1872లో సేవకులను తయారుచేసే వేదాంత పాఠశాల మొదలయ్యాయి. తెలుగు బోధకుల తరాలు ఆ సముద్రపు గాలిలో వాక్యం చదువుకున్నాయి.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు. లక్షల ప్రాణాలు పోయాయి. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. ఆ కరువు కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవాళ్లు ఎందరున్నా క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం నమ్మారన్న మాట రాకూడదని, పదిహేను నెలల పాటు ఆపేశారు. పని ముగిసి, సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614 మంది, తర్వాతి రోజు 700 మంది. మొత్తం మూడు రోజుల్లో 3,536. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఆ పని చేశారు.

దేవుడు మనుషుల్ని రక్షించడానికి కరువు పంపాడని ఎవరూ తేలికగా అనకూడదు. ఆకలితో చనిపోయిన తల్లుల పట్ల అది క్రూరమైన మాట. కరువులో కూడా దేవుడు తన ప్రజల్ని విడిచిపెట్టలేదని మాత్రం మనం చెప్పగలం. అంతవరకు చెబితే చాలు.

నెరవేరని కోరిక

జ్యూయెట్ ఈ కోతను బతికి చూశారు. ఆ 1878లోనే ఆయన మద్రాసు వెళ్లి అక్కడి తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. తెలుగు బైబిలు సవరణకు కూడా సమయమిచ్చారు. తర్వాత ఆరోగ్యం సహకరించక స్వదేశానికి వెళ్లి, 1897లో మసాచుసెట్స్‌లోని ఫిచ్‌బర్గ్‌లో కన్నుమూశారు.

చూశారా! తెలుగువారి మధ్యే చనిపోతానని పట్టుబట్టిన మనిషి సమాధి తెలుగు నేలలో లేదు. ఆయన్ను పాతిపెట్టడానికి వచ్చిన క్లౌకు ఆ పని పడనే లేదు. దేవుడు జ్యూయెట్‌కు ఆయన అడిగిన కోత ఇచ్చాడు, అడిగిన సమాధి ఇవ్వలేదు. ఈ మొత్తం పనికి పునాది వేసిన శామ్యూల్ డే 1871లోనే చనిపోయారు. గుండ్లకమ్మ ఒడ్డున జరిగినది ఆయన చూడలేదు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చెప్పే విశ్వాస వీరుల్లో కూడా అంతే. కొందరు వాగ్దాన ఫలం అందుకున్నారు, కొందరు దూరం నుంచి దానికి వందనం చేసి వెళ్లిపోయారు. ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో ఉన్నాయి.

కాబట్టి ఫలం కనబడలేదని కుమిలిపోతున్న విశ్వాసిని, నీ విశ్వాసం చాలలేదు కనుకనే ఇలా అయిందని గాయపరచకండి. జబ్బుతో వెనుదిరిగిన డే గారి విశ్వాసం జ్యూయెట్ విశ్వాసం కన్నా చిన్నదేమీ కాదు. నిరీక్షణను ఫలితంతో తూచే తక్కెడ దేవుని దగ్గర లేదు. మన నిరీక్షణకు ఆధారం గుండ్లకమ్మ అంకెలు కావు. సిలువ వేయబడి, పాతిపెట్టబడి, మూడోనాడు లేచిన ప్రభువు. సమాధి దగ్గర కూడా ఓడిపోనివాడు ఆయన ఒక్కడే. అందుకే ఆయనలో నిరీక్షణ ఉన్నవాడు ఫలం చూసినా చూడకపోయినా సిగ్గుపడడు.

ఒంగోలులో ఆ కొండకు ప్రేయర్ మీటింగ్ హిల్ అన్న పేరు స్థిరపడిపోయింది. జ్యూయెట్ పేరు మీద అక్కడ ఒక బాప్టిస్టు చర్చి కూడా ఉంది. కానీ కొండనూ చర్చినీ చూసి గర్వపడటంతో సరిపెట్టుకుంటే మనం ఈ కథను సగమే విన్నట్టు. 1853లో, 1857లో, 1862లో ఆయన ఏం చేస్తూ ఉన్నారో అదే మనకు కావలసింది. రోజూ లేచి భాష నేర్చుకున్నారు, వాక్యం చెప్పారు, ఉన్న కొద్దిమందితోనే ప్రార్థించారు, రాబోయేవాళ్ల కోసం ఇల్లు సిద్ధం చేశారు. లెక్కపెట్టే పని దేవునికి వదిలేశారు.

ఈ రోజు మీ ఇంట్లో దీర్ఘరోగి ఉండవచ్చు. అప్పు వడ్డీతో సహా పెరుగుతూ ఉండవచ్చు. దూరమైన కొడుకు కోసం ఏళ్లుగా ప్రార్థిస్తూ ఉండవచ్చు. మీ సంఘంలో ఆదివారం పట్టుమని పదిమంది కూడా రాకపోవచ్చు. పరిస్థితిని ఉన్నదున్నట్టుగానే ప్రభువుకు చెప్పండి, ముళ్ల పొదల్ని ముళ్ల పొదలనే అనండి. అవసరమైన సాయం అడగడానికి సిగ్గుపడకండి. పక్కన మోకరించడానికి ఒక జూలియానో రూతునో వెతుక్కోండి. ఆపైన ఈ రోజు చెయ్యాల్సిన పని చెయ్యండి. మనుషులు మూడుసార్లు మూసేద్దామనుకున్న నెల్లూరు దీపాన్ని దేవుడు ఆరిపోనివ్వలేదు. ఆయన మారని దేవుడు!